మానేటి మీద చిలప పందెం

నాకో సవతి ఉంది. పేరు సముద్రం, కాపురం బొంబాయిలో. మా ఆయన లక్ష్మీరాజం నన్ను సిరిసిల్లలో బీడీలు చుట్టుకోమని వదిలి అక్కడి బట్టల మిల్లుకు పనికి పోయినప్పుడు దాన్ని మరిగాడు. మన పద్మశాలి పిల్లలంతా వర్లీలో ఒక్కచోట ఉండేవాళ్లట. సెలవు దొరికితే చాలు, గుంపుగా పోయి సముద్రంలో పడేవాళ్లట. సమ్మెలో మిల్లులు మూతపడ్డాక తిరిగొచ్చాడు. వచ్చింది మనిషే, మనసు అక్కడే ఉంది.

ఇక్కడ సాంచెల మీద లంగాగుడ్డ నేసే పనికి కుదిరాడు. మరమగ్గాలను మేం సాంచెలే అంటాం. పని దిగగానే మా ఊరి వాగు మానేటికి పోయి మునిగేవాడు. దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మి, "ఉప్పు లేదు సరోజనా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

"ఇంట్ల దొడ్డుప్పున్నది గదా, సంచెడు కలుపుకొని మునుగు!"

నవ్వేవాడు కాదు. అదే నాకు భయం. భివండిలో సాంచెల పని దొరుకుతుందని, అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం కాదని, ఎప్పుడూ అదే పాట. రేకుపెట్టె దులిపి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఆయన్ని ఆపింది దశరథం దగ్గు. పక్క సాంచె నడిపే దశరథానికి నూలు దుమ్ము పట్టి ఊపిరి ఆడేది కాదు. "నీళ్లల్ల చేతులాడిస్తె రొమ్ము ఇప్పుకుంటది రా" అని, సాంచెలు బందుండే అమాసనాడు వాడి వీపుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మానేట్లోకి తోశాడు మా ఆయన. వచ్చే అమాసకు నలుగురయ్యారు. వానలు పడేనాటికి పదిమంది దాటారు. వాళ్లకు ఈత నేర్పి ఇంటికొస్తే అన్నం రెండుసార్లు అడిగి తినేవాడు.

అప్పుడే ముసలి చంద్రయ్య మామ చిలప పందెం సంగతి తీశాడు. వంతెన లేని రోజుల్లో వాగు నిండితే, అవతలి ఒడ్డు నుంచి నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, నెత్తిన కట్టుకుని ఈదుకొచ్చేవాళ్లట. అదే పందెమై, తర్వాత మరుగున పడిందట. "ముందుగాల ఒడ్డెక్కినోడు గాదు కొడుకా, చిలప తడవనోడే మొనగాడు" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన అన్న మాట ఇది: "గీ పందెం మళ్ల పడితె ఇగ బొంబాయి పేరెత్త సరోజనా." నేను ఆ మాటను కొంగున ముడేసుకున్నాను. పందెం జరిగితే గుడిలో కోడెను కడతానని ఎములాడ రాజన్నకు మొక్కుకున్నాను.

పొలాల అమాసనాడు మానేరు నిండుగా పారుతోంది. అందరి నెత్తిన తెల్లటి చిలపలు. గెలుపు గుర్తు కోసం దశరథం అవతలి ఒడ్డున గడకర్ర పాతి, సాంచె మీంచి అప్పుడే కోసిన గుడ్డ కట్టాడు. ఎర్ర లంగాగుడ్డ. నేసేవాడికి గుడ్డంటే గుడ్డే, రంగు ఎవడు చూస్తాడు? కానీ అవి నక్సలైట్ అన్నల కోసం పోలీసులు ఊరూరా గాలిస్తున్న రోజులు. నలుగురు కూడితే మీటింగు, ఎర్రగా కనబడితే జెండా. ఈతగాళ్లు నడి వాగుకు చేరకముందే పోలీసు జీపు ఒడ్డుకు దిగింది.

"జెండ ఎవడు పాతిండ్రా?"

"సార్, అది జెండ గాదు, లంగగుడ్డ" అన్నాడు దశరథం.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. తడి బట్టల మీదే అందరినీ ఎక్కించుకుపోయారు. సాయంత్రం వదిలేస్తూ, మానేటి కాడ మళ్లీ గుంపు కనబడితే ఊరుకునేది లేదన్నారు. ఇక ఎవరొస్తారు? అందరూ పిల్లాజెల్లా ఉన్నవాళ్లే.

మా ఆయన ఇంటికి రాగానే పెట్టె సర్దుకున్నాడు. ఏడ్చాను, బతిమాలాను. రావాల్సిన కూలి అందగానే పోతానన్నాడు. వచ్చే అమాసకు మాత్రం కోపమొచ్చింది. బుర్రలు నా వీపుకే కట్టుకుని, నెత్తిన చిలప పెట్టుకుని, కొంగు బిగించి ఆయన ముందు నిలబడ్డాను.

"గుంపు వద్దన్నరు గని ఇద్దరిని వద్దనలె గదా. పందేనికి ఇద్దరు చాలు. నడువు!"

"నీకు ఈత రాదు గదనే!"

"దశరథానికి మాత్రం పుట్టంగనే వచ్చిందా?"

మానేట్లో కాళ్ల కింద ఇసుక జారగానే కెవ్వుమన్నాను. చిలప అప్పుడే మునిగింది. ఆయన నన్ను వెల్లకిలా తిప్పి నడుం కింద అరచెయ్యి పెట్టాడు. కాసేపటికి ఆ చెయ్యి తీసేసినా నేను తేలుతూనే ఉన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా ఒంటికి అంత తేలిక ఎన్నడూ తెలియదు.

"గీ నీళ్లు ఏడికి పోతయి?" అని అడిగాను.

"గోదాట్ల కలుస్తయి. ఆడికెల్లి సముద్రానికి." ఆకాశం కేసి చూస్తూ అన్నాడు: "బొంబాయిల గూడ గిట్లనే ఎల్లెల్కల పండి మానేరును యాదిచేసుకునేటోన్ని. నువ్వు ఒడ్డు మీద నిలబడ్డట్టే అనిపించేది."

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"నవ్వుతవని."

"మరి ఇప్పుడు పోతవా?"

"పోను."

అన్ని నెలలుగా నేను కాచుకున్న మాట అదే. తర్వాత రాజన్నకు కోడెను కట్టి వచ్చాను. కానీ ఆ పూట నీళ్లు నన్ను మెల్లమెల్లగా తూర్పుకు లాగుతుంటే, "నాకు సూడాలనున్నది, సముద్రం" అని నా నోటి నుంచే వచ్చింది.

ఆయన ఉండిపోయాడు. ఇప్పుడు మానేటి ఒడ్డున కూర్చుని తూర్పుకు చూసేది నేను.