కదిలించని సుత్తి

మొన్న మహర్నవమి నాడు పద్మారావు నగర్‌లో మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, పది నిమిషాలైనా కాకముందే మూత తెరవబోయింది. "జెర ఒక్క కాల్ మమ్మీ, పూజ అయిపాయె గదా" అంది. నేను ఆ మూత మీద చెయ్యి వేసి నొక్కాను. దాని వేళ్ళు నలిగాయి. అంత మొరటుగా ఎందుకు చేశానో దానికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మాది రెండు గదుల ఇల్లు. నాయన, చిన్నాయన ఒకే వర్క్‌షాపులో ఫిట్టర్లు. నవమి నాడు తమ సుత్తులు, పానాలు, ఆకురాళ్ళు కిరసనాయిలుతో కడిగి, ఎర్రగుడ్డ మీద పరిచి పూజ చేసేవాళ్ళు. కిరసనాయిలు, బంతిపూలు, సాంబ్రాణి కలిసిన వాసనే నాకు ఇప్పటికీ పండగ వాసన. ఆ తర్వాత వాటిని ఎవరూ ముట్టకూడదు. మర్నాడు దసరా పొద్దున నాయనమ్మ పసుపునీళ్ళు చల్లి ఒక్కొక్కటీ రవ్వంత జరిపేది. దాన్ని కదిలించడం అనేవాళ్ళం. కదిలించాకే ఎవరి పనిముట్టు వాళ్ళ చేతికి వచ్చేది.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది రెజిమెంటల్ బజార్ దగ్గరి లైబ్రరీలో నేనే చదువుకున్నాను. ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది. పంతొమ్మిదేళ్ళప్పుడు, పూజ దగ్గర అందరూ వినేలా ప్రకటించాను: రాజులు ఆయుధాలకు పూజ చేసి అటునుంచటే యుద్ధానికి పోయేవారని, రాత్రంతా ముట్టకూడదని ఏ పుస్తకంలోనూ రాయలేదని. "మా లైబ్రరీ చెప్పినంక ఇగ తిరుగేమున్నది" అని చిన్నాయన నవ్వాడు.

నవ్వాడు గానీ ఆయన లోపల మూడు వారాలుగా నిప్పుంది. తాగి పనిలోకి వచ్చాడని నాయన పదిమంది ముందు ఆయన చెంప పగలగొట్టాడు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఆ మధ్యాహ్నం నాయనమ్మే ఇద్దర్నీ పక్కపక్కన అన్నానికి కూర్చోబెట్టింది. చిన్నాయన నోట వాసన వచ్చింది. "పండగనాడు సుత తాగినవా, సిగ్గులేదారా" అన్నాడు నాయన.

చిన్నాయన విసిరిన కంచం నాయన కనుబొమ్మను చీల్చింది. నాయన తమ్ముడి జుట్టు పట్టి తలను తలుపు చెక్కకేసి కొట్టాడు. మూడోసారికి పన్ను విరిగిన చప్పుడైంది. పప్పన్నంలో నెత్తురు పడింది. అడ్డం వెళ్ళిన అమ్మ మోచేతి పోటుకు గోడకు తగిలింది. చిన్నాయన నాయనను కింద పడేసి, రొమ్ము మీద కూర్చుని, ముఖం మీద గుద్దుతూనే ఉన్నాడు. తడి బట్టలు ఉతుకుతున్నట్టు చప్పుడు. నాయన చేతులు పక్కకు జారిపోయాయి. అప్పుడు చిన్నాయన లేచి, ఎర్రగుడ్డ వైపు తిరిగి, తన సుత్తి మీదకు చెయ్యి చాచాడు.

"ముట్టొద్దని యాడ రాయలేదన్నది గదా నీ బిడ్డ."

నాయనమ్మ వెళ్ళి ఆయన్ని పట్టుకోలేదు. ఉన్నచోటి నుంచే అంది: "ఇంకా కదిలియ్యలే బిడ్డా. రేపు పొద్దుగాల కదిలిస్త. అప్పుడు తీసి కొట్టు."

చెయ్యి సుత్తికి బెత్తెడు దూరంలో ఆగింది. మూతి నుంచి నెత్తురు బంతిపూల మీద చుక్కలు చుక్కలుగా పడింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ప్రతి నవమికీ ఆ చెయ్యి అక్కడే ఆగేది, ఆ రోజూ ఆగింది. చిన్నాయన గోడను ఒక్క గుద్దు గుద్ది బయటికి వెళ్ళిపోయాడు.

నాయనమ్మ మాట తప్పలేదు. మర్నాడు పసుపునీళ్ళు చల్లి, ఆ సుత్తిని జరిపి, నాయన చేతిలో పెట్టి, తెల్లారి తిరిగొచ్చిన తమ్ముడికి నువ్వే ఇయ్యమంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయిన నాయన సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అమ్మ నా మణికట్టును నలిపేసింది. చివరికి పిడి అటు తిప్పి ఇచ్చాడు. ఏడాదిలో తొలి దెబ్బ గడప ముందు కుంకుమ నింపి పెట్టిన గుమ్మడికాయకు వెయ్యడం మా ఇంటి ఆనవాయితీ. ఒక్క దెబ్బ చాలు. చిన్నాయన అది నుజ్జు నుజ్జయ్యేదాకా కొట్టాడు. ఎర్రనీళ్ళు నాయన చొక్కా మీద, మా ముఖాల మీద చిందాయి. సాయంత్రం వాచిన పెదవులతో అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళకు మొక్కాడు. ప్రేమతో అని చెప్పను. దసరా గనుక మొక్కాడు.

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. ముట్టొద్దని ఎక్కడా రాయలేదు, నిజమే. నాయనమ్మ ఆ రోజు మా నాయనకు ఇప్పించింది ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రి మీద ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బతికాడు.