రెస్టు కింది గుడ్డముక్క

ఇంతకాలం ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, నాకు అక్షరాలు రావని చెప్పేదాన్ని. అది సగం నిజమే. నలభై ఎనిమిదో ఏట మా వాడలో సాయంత్రం బడి పెడితే వెళ్లి నేర్చుకున్నాను. నేర్చుకుని నాలుగేళ్లయింది. బస్సు బోర్డులు చదివాను, రేషన్ కార్డు చదివాను, అత్తగారింట్లో ఉన్న బిడ్డకు ఉత్తరం రాశాను. అంజయ్య కాక గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆయన గురించి రాస్తే నా గురించి కూడా రాయాలి. ఆ సిగ్గుతో కలం ముందుకు సాగలేదు.

నిన్న సంగారెడ్డి బస్టాండు ఎదురుగా మందుల దుకాణం ముందు నిలబడి ఉన్నాను. పైఅంతస్తు కిటికీలోంచి బంతికి బంతి తగిలిన చప్పుడు వచ్చింది. టక్కుమని ఒకే దెబ్బ, ఆ వెంటనే ఏదో గుంతలోకి దొర్లిన చప్పుడు. ఇరవై ఏళ్లు దాటినా అదేమిటో తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. మెట్లెక్కి వెళ్లాను. పచ్చగుడ్డ పరిచిన పూల్ బల్ల, చుట్టూ నలుగురు ఆడుతున్నారు. గోడకు రెస్టు అనే పొడుగు కర్ర ఒకటి ఆనించి ఉంది. దాని తలను చేతిలోకి తీసుకుని అడుగున బొటనవేలితో తడిమాను. అంచు గరుకుగా తగిలింది.

“ఏం గావాలె అమ్మా?” అన్నాడు ఆ బల్ల చూసుకునే అతను.

“ఏం లేదు బిడ్డా,” అని దిగి వచ్చేశాను. అంచు బాగా లేదని ఆ ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను.

అప్పట్లో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, ఆఫీసర్ల క్లబ్బు ఊడ్చే పని నాది. అక్కడి పూల్ బల్లను చూసుకునే మార్కరు అంజయ్య కాక. సొంత ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, పట్నంలో ఏదో క్లబ్బులో బంతులు అందిస్తూ ఆ పని నేర్చుకున్నాడట. సన్నగా ఉండేవాడు, చొక్కా ఇస్త్రీ నలిగేది కాదు. బల్ల మీది గుడ్డను బ్రష్‌తో ఎప్పుడూ ఒకే దిక్కుకు దువ్వేవాడు. నేను చేరిన కొత్తలో బల్లకు నాలుగడుగుల దూరంలోనే ఊడ్చి వెనక్కి తిరుగుతుంటే పిలిచాడు.

“గంత దూరమేంది పిల్లా? అది కరువదు. దగ్గరికి రా.”

ఊడ్చేదాన్ని ఆ బల్ల దగ్గరికి రమ్మన్న మొదటి మనిషి ఆయనే.

ఆ ఆట చూడనివాళ్లకు రెస్టు అంటే ఏమిటో చెప్పాలి. బంతి బల్ల నడుమ ఆగిపోయి చెయ్యి అందకపోతే, చివర ఇత్తడి తల ఉన్న పొడుగు కర్రను బల్ల మీద పెట్టి, దాని గాడిలో ఆటకర్రను ఆనించి కొడతారు. అదే రెస్టు. ఆఫీసర్లకు అది వాడటం నామోషీ. ఒక పొట్టి మేనేజరు అయితే రెస్టు ముట్టకుండా ఒక కాలు బల్ల మీదికి ఎత్తి వేలాడేవాడు. కాక దాన్ని మెల్లగా ఆయన ముందుకు జరిపి, “సారూ, మీ చెయ్యి మంచిగనే ఉన్నది. బల్లనే జెర పెద్దగ జేసిండ్రు,” అనేవాడు. మేనేజరు కూడా నవ్వి అందుకునేవాడు.

ఒకసారి పట్నం నుంచి ఆట సామాన్లమ్మే అతను నాలుగు రెస్టులు తెచ్చాడు. ఒకటి ఎంచే పని కాకది. ఆయన నన్ను పిలిచి, “నువ్వైతే ఏది దీస్కుంటవ్?” అన్నాడు. అన్నిటికంటే మెరిసేదాన్ని చూపించాను.

“పెండ్లిపిల్లను సూస్తున్నవా?” అని నవ్వి, నాలుగు కర్రలనూ నేల మీద దొర్లించమన్నాడు. రెండు ఎగిరెగిరి పడ్డాయి, అంటే వంకర ఉన్నట్టు. మిగతా రెండింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. నేను మెచ్చినదాని తల లోపల గలగలమంది. చివరికి మిగిలింది రంగు మాసినట్టున్నది. దాని తలను టేబుల్ మీది అద్దంపై నిలబెట్టి వేలితో నొక్కాడు. కదలలేదు. గాడిలో ఆటకర్రను పది పదిహేనుసార్లు ముందుకూ వెనక్కూ జరిపాడు. ఎక్కడా పట్టలేదు. ఆఖరున నా చెయ్యి పట్టి బొటనవేలిని దాని అడుగున పెట్టించాడు.

“కన్నుతోని గాదు బిడ్డా, యేలితోని సూడు. గుడ్డ మీద నడిసేది దీని అడుగే గద. జెర గీసుకున్నా బల్ల ఖరాబైతది.”

అంతటితో ఆగకుండా పాత బల్లగుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, ఆ అడుగుకు జిగురుతో అంటించాడు. ఆ రోజు నుంచి ఆట మొదలయ్యే ముందు రెస్టు చూసే పని నాకిచ్చాడు. అంతవరకు చీపురు తప్ప ఏదీ నమ్మి నా చేతికి ఇచ్చినవాళ్లు లేరు.

రెండేళ్లు గడిచాయి. ఆ ఏడు దసరా ముందు రోజు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. ఎవరి పనిముట్లు వాళ్లు కడిగి బొట్లు పెడుతున్నారు. కాక పండుగకు ఊరికి పోయాడు. ఆయన పనిముట్టు మాసిపోయి ఎందుకుండాలని నేను రెస్టును బయటికి తెచ్చాను. ఇంట్లో ఇత్తడి బిందెను తోమినట్టే చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమాను. అడుగున గుడ్డముక్క నల్లగా జిడ్డుపట్టి ఉంది. దేవుని ముందు అట్లా పెట్టలేక కత్తితో గీకి పీకేశాను. కొత్తది అంటిద్దామంటే జిగురు కాక అల్మారాలో, తాళం వేసి ఉంది. రేపు చూద్దాంలే అనుకుని పసుపు కుంకుమ పెట్టాను. బంగారంలా మెరిసింది.

పండుగ అయిన మర్నాడు పక్క ఫ్యాక్టరీ ఆఫీసర్లతో పోటీ. కాక బస్సు దిగి నేరుగా వచ్చి బంతులు పేరుస్తూ అడిగాడు. “సత్తెమ్మా, యేలు వెట్టి సూసినవా?”

“సూసిన కాకా.”

చూడలేదు. గుడ్డముక్క లేదని తెలుసు. అడగకుండా పీకానని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఒక్క ఆటకు ఏమవుతుందిలే అనుకున్నాను. నా కత్తి ఇత్తడి మీద ముల్లులాంటి అంచు లేపిందని మాత్రం తెలియదు.

వచ్చిన ఆఫీసరు రెస్టు పెట్టి కొట్టి వెనక్కి లాగాడు. సర్రుమంది. జానెడు మేర గుడ్డ చిరిగింది. అందరూ నిలబడిపోయారు. కాక రెస్టు తీసుకుని అడుగున బొటనవేలు పెట్టాడు. తల ఎత్తి నా వైపు ఒక్కసారి చూశాడు. నా చేతుల్లో టీ పళ్లెం ఉంది.

“ఏందిది అంజయ్యా?” అన్నాడు మేనేజరు.

“నేను సూసుకోవాలె సారూ. నాదే తప్పు.”

మర్నాడు ఆఫీసులో గుమాస్తా ఒక కాగితం రాసి నన్ను సాక్షిగా వేలిముద్ర వేయమన్నాడు. చదువు రానిదాన్ని కాబట్టి మోసపోయానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అది అబద్ధం. గుమాస్తా మంచివాడు, వేయించే ముందు నెమ్మదిగా చదివి వినిపించాడు. “రెస్టును అంజయ్య తప్ప ఎవరూ ముట్టలేదు. అతని అజాగ్రత్త వల్లనే గుడ్డ చిరిగింది.” విన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఉన్నది ఆ ఒక్క పని. వేలు సిరాలో అద్ది ముద్ర వేశాను.

కాకను గోదాములో డ్రమ్ములు దొర్లించే పనికి మార్చారు. ఆ వయసులో అది ఆయన చేసే పని కాదు. రెండు నెలలు చేసి మానేశాడు. వెళ్లేముందు క్లబ్బుకు వచ్చి అల్మారా తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

“జిగురు డబ్బ లోపట ఉన్నది. గుడ్డముక్క అంటియ్యి బిడ్డా. మర్సిపోకు.”

తల ఎత్తలేదు నేను. ఆయన మెట్లు దిగేదాకా నేల వైపే చూస్తూ ఉన్నాను.

ఊళ్లో ఆయనను గుడ్డ చింపిన అంజయ్య అంటున్నారని తర్వాత విన్నాను. ఆరేళ్ల కింద పోయాడని తెలిసి బయలుదేరి, సంగారెడ్డిలో దిగి, ఇంకో బస్సు ఎక్కకుండా అక్కడి నుంచే ఇంటికి తిరిగిపోయాను. ఇప్పటికీ కొత్త గిన్నె కొన్నా, పీట కొన్నా, మనవరాలికి ఉయ్యాల కొన్నా ముందు అడుగున బొటనవేలు పెట్టి చూస్తాను. చూసిన ప్రతిసారీ, చూడని ఆ ఒక్కసారి గుర్తుకొస్తుంది.

ఇక్కడిదాకా నిన్న సాయంత్రం కూర్చుని రాశాను. తెల్లవారి ఈ కాగితాలు కొంగున కట్టుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు పోయాను. కాక భార్య గడప లోపల కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“ఎవలూ?”

“సత్తెమ్మను చిన్నమ్మా. క్లబ్బుల ఊడ్సేదాన్ని.”

“ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా నీకు?” అంది, చేతిలో పని ఆపకుండానే.

కాగితాలు విప్పి చదివాను. నాకు చదవడం నిదానం, కొన్ని మాటల దగ్గర ఆగి కూడబలుక్కున్నాను. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగిపోయింది. చదవడం అయ్యాక ఆమె చిక్కుడుకాయలు పక్కకు జరిపింది.

“ఆయిన నాకు గూడ చెప్పలె,” అంది. “పండుగ మత్తుల సూసుకోలేదన్కున్న. సచ్చిపొయ్యేదాంక ఎత్తిపొడిసిన.”

ఆమె కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. గోడ పట్టుకుని లేచి, నన్ను దాటి వాకిట్లోకి నడిచింది. బోరింగు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. అరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు కూర్చున్నారు.

“ఈడికి రా. ఇప్పుడు సదువు. జెర గట్టిగ.”

వెళ్లి ఆమె పక్కన నిలబడి, మొదటి కాగితం పైకి తీసి, గట్టిగా మొదలుపెట్టాను.