సమాధి లేనివాడి పేరు

సమాధుల పండక్కి యారాడలో మావాళ్ళంతా సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవారు. నాకు సున్నం వేయడానికి సమాధి లేదు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా ఆయన చేపల వేటకెళ్ళిన తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఆయన రాలేదు. ఏటా ఆ పండక్కి ఇసుకలో ఒక కొవ్వొత్తి పాతేదాన్ని. గాలి ఉండనిచ్చేది కాదు.

ఒక ఏడు గోదావరి వైపు నుంచి కొత్త ఫాదర్ గారు వచ్చారు. ఆయనకు వంట నేనే చేసేదాన్ని. సాయంత్రాలు వరండాలో నలుగురినీ కూర్చోబెట్టి పాతకాలపు పునీతుల సంగతులు చెప్పేవారు. చేపలు తోముకుంటూ నేనూ వినేదాన్ని. పోతుందేమోనని భయం ఉన్నంతకాలం ఏదీ సుఖం కాదనీ, పోనివాడు దేవుడొక్కడేననీ వాళ్ళు అన్నారట. నాకు ఒళ్ళు మండింది. పోయినవాడి కోసం మనసు కొట్టుకుపోతుంటే అదంతా నాకెందుకు?

మర్నాడు ఒక విధవ తల్లి సంగతి చెప్పారు. ఆమె కొడుకు తర్వాత పెద్ద బిషప్పు అయ్యాడట. భర్త పక్కనే తననూ పాతిపెట్టాలని ఎన్నాళ్ళుగానో ఆశపడిన మనిషి. భర్త సమాధి ఉన్న సొంత దేశం వెళ్ళే ఓడ కోసం ఆగిన ఊళ్ళోనే జబ్బుపడింది. తన ఒళ్ళు ఎక్కడ పాతినా ఫరవాలేదు, గుడిలో బలిపీఠం దగ్గర తనను తలుచుకుంటే చాలని కొడుకుతో అందట.

చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"ఒల్లు సముద్రంలో ఉన్నా దేవుడికి తెలుస్తాదా బాబూ?" అన్నాను.

"తెలియకేమమ్మా. పండగ పూజలో మీ ఆయన్నీ తలుద్దాం. పేరు చెప్పు."

మళ్ళీ చేప తోమడం మొదలెట్టాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం పలకం.

నా ఆడపడుచు అక్కడే కూర్చుని నవ్వింది. "నాను సెప్తానుండండి బాబూ. మా వొదినకి సిగ్గు."

"నువ్వూరుకోయే."

"అయితే నువ్వే సెప్పు. మా అన్నకి ఆయుస్సు ఇంకేటి తగ్గుద్ది?"

అనేసి నా మొహం చూసి తల వంచుకుంది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ ఆ పేరు ఎందుకు దాచానో. పలికితే ఇక రాడని ఒప్పుకున్నట్టే.

"పండగనాడు నానే సెప్తాను బాబూ," అన్నాను.

పండగనాడు పూజలో ఫాదర్ గారు పోయినవాళ్ళ పేర్లన్నీ చెప్పి, నా వైపు చూసి ఆగారు. లేచి నిలబడి చెప్పాను. నా గొంతులో ఆ పేరు నాకే కొత్తగా వినిపించింది. ఇంకోసారి పిలవాలనిపించింది, సముద్రం దాకా వినపడేలా.

నేను చెప్తుంటే ఇది రాస్తున్న మనవరాలు ఆ పేరేటని అడుగుతోంది. వచ్చే పండక్కి గుడికి వస్తే వింటావన్నాను.