ఎమ్మిగనూరు తోపులో వంకర ఆకు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి వెనక ఒక తోపు ఉండేది. వేప, చింత, కానుగ చెట్లు. తెల్లవారుతూనే ఆ నీడన, మగ్గానికి ఎక్కించే పడుగు పోగులు సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుకుంటూ అటూ ఇటూ నడిచేవాళ్ళం. ఇరవై ఏండ్లు అలా నడిచాను. తల పైకెత్తి ఒక్క చెట్టునైనా చూసిన పాపాన పోలేదు. చూపు అటు మళ్ళితే తెగిన పోగు ఎవరు అతుకుతారు?

నాకు నూలిచ్చి చీరలు తీసుకునే షావుకారు ఒకరోజు నలుగురి ముందర, "మళ్ళా తామరపూవేనా? నీ చేతికి ఇంగేమీ రాదా?" అన్నాడు. ఆ నలుగురూ ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను. పంతం కొద్దీ చీర అంచుకని వేపాకు గీశాను. ఇంట్లోనే కూర్చుని, గళ్ళ కాగితం మీద, మా వాళ్ళందరూ చేసినట్టే సగం ఆకు గీసి, కాగితం మడిచి రెండో సగం దించాను.

మర్నాడు తోపులో మేకలకు కొమ్మలు కోసే అవ్వ ఆ కాగితం చూసింది.

"ఏందప్పా ఇది?"

"వేపాకు అవ్వా."

"యాడ సూసినావు ఈ ఆకును? మా మేకలు గూడా మూతి తిప్పుకుంటాయి."

ఆమె నోటితోనే అది వేపాకు అనిపించాలని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. రుజువుకని ఒక ఆకు తెంపి నడిమి ఈనె మీద మడిచాను. రెండు సగాలూ కలవలేదు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. ఆ చెట్టే చెడ్డదనుకుని ఇంకో చెట్టు దగ్గరికి పోయాను. అక్కడా అంతే. తోపులోని పదకొండు వేపచెట్లూ అవ్వతో ముందే మాట్లాడుకున్నట్టున్నాయి.

ఇక వదల్లేదు. పడుగు ఆరేలోపల రోజూ కూర్చుని, కాగితం మడవకుండా, ఆకు మొత్తం గీశాను. నెలన్నర పట్టింది. కానుగాకుల మీద పురుగులు తెల్లగా గీసే మెలికల గీతలు అప్పుడే చూశాను. నాకంటే బాగా గీస్తున్నాయని కడుపు మండింది. ఒక సాయంత్రం చింతాకు గీస్తుంటే, నా గీత సగంలో ఉండగానే పొద్దు గూకి ఆకు ముడుచుకుంది. అదీ ఒక అవమానమే.

షావుకారు కొత్త కాగితం చూసి పెదవి విరిచాడు. "ఆకు వంకరపోయిందప్పా. సరిచేసి తే."

"వంకర నాది కాదు, చెట్టుది."

"ఆదోని అంగట్లో చీర కొనేది చెట్టా?"

సరిచేయలేదు. ఆయనకు తామరపూలే నేసి ఇచ్చి, నా సొంత నూలుతో ఒక తువ్వాలకు ఆ అంచు వేసుకున్నాను. దాన్ని భుజాన వేసుకుని తోపుకు పోయి అవ్వ ఎదురుగా నిలబడ్డాను. ఆమె చేతిలో కొమ్మ కింద పడేసి, అంచు పట్టుకుని కంటికి దగ్గరగా తెచ్చుకుంది.

"వేపాకే," అంది. నేను ఇంకా సంతోషపడనైనా లేదు. "కాడే పొడుగైంది నాయనా."

అంతటితో ఆపితే ఆమె సొమ్మేం పోయేది? ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు. ఆ పూటంతా తోపులోనే కూర్చుని కాడలు కొలిచాను. ఆమె చెప్పింది నిజమే. అది వేరే సంగతి.