దుప్పటి రెండో కొస

గుడ్డలోంచి రంగూ మరకా వదలగొట్టడమే పనిగా బతికిన మనిషి, ఉద్యోగం అయిపోయాక గుడ్డకు రంగు ఎక్కించడం మొదలుపెడితే ఎవరికైనా నవ్వు వస్తుంది. అందరికన్నా ముందు నవ్వింది మొగుడే. "ఇన్నాళ్లూ నువ్వు వదలగొట్టిన రంగుల ఉసురు తగిలిందే నీకు" అన్నాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నవాడు. ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా ఆయన కంటికి ఆటలాగే కనిపిస్తుంది.

ఆ మేడలో అందరూ ఆమెను దుప్పట్లావిడ అంటారు. పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసింది. అక్కడ ఉతకడం యంత్రాల పని; మొండిమరకలు రుద్దడం, మూటలు కట్టడం, మడవడం మనుషుల పని. దుప్పటికి ఇద్దరు కావాలి. ఇద్దరూ చెరో కొస పట్టుకుని వెనక్కి జరుగుతారు. ఒక్క విదుపు విదిలిస్తే ముడతలు పోతాయి. ఆ తర్వాత ఎడమచేతి కొస కుడిచేతికి మార్చి ఒకరి వైపు ఒకరు నడిచి వస్తారు. ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పుకోవాల్సి వచ్చిందంటే ఆ జంట కుదరలేదన్నమాటే.

ఆమెకు ఎదురుగా రెండో కొస పట్టుకున్నది ఆడపడుచు, అంటే మొగుడికి అక్క. ఈమెను ఆ పనిలో పెట్టించింది కూడా ఆవిడే. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. "అర్ధమేమిటి, మొగుడి మొహం కన్నా వదిన మొహమే ఎక్కువ చూశాను" అనేది ఆమె.

ఆఖరికి లాండ్రీలోకి దుప్పట్లు మడిచే యంత్రం వచ్చింది. జంటకు ఒకరు చాలన్నారు. వయసులో చిన్నదని ఈమెను ఉంచుకున్నారు. ఆ సంగతి ఈమెకు ముందురోజే తెలిసింది. వదినకు చెబుదామని అన్నం తినేటప్పుడు అనుకుంది, బస్సులో అనుకుంది, మెట్ల దగ్గర విడిపోయేటప్పుడు కూడా అనుకుంది. మర్నాడు సూపర్‌వైజరు చెప్పాడు. ఆడపడుచు విని, ఏప్రాన్ విప్పి, మడిచి, బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. మాటలు ఆ రోజుతో సరి.

ఇద్దరి కాపురమూ ఒకే మేడలో. ఆడపడుచు కింద, వీళ్లు పైన. మెట్ల దగ్గర ఎదురుపడితే ఆవిడ చేతిలో ఉన్న తాళంచెవి కోసమే సంచిలో వెతుక్కుంటుంది. ఈమె వంగి చెప్పు సరిచేసుకుంటుంది. మధ్యలో మొగుడు మాత్రం అక్క దగ్గర ఒక టీ, పెళ్లాం దగ్గర ఒక టీ తాగుతూ సుఖంగా ఉన్నాడు.

ఆడపడుచుకు ఒక కూతురు. పళ్ల డాక్టరు దగ్గర పని. ఆ క్లినిక్కుకు దగ్గరగా ఉంటుందని ఊరికి ఆ చివర ఇల్లు చూసుకుంది. నెలాఖరుకు తల్లిని తీసుకుని అక్కడికి మారిపోతోంది. ఒక సాయంత్రం ఆ అమ్మాయి పైకి వచ్చింది. అత్త చేసిన దిండుగలీబులూ మెడకు చుట్టుకునే గుడ్డలూ తిరగేసి చూసింది. కొత్త ఇంట్లో ముందుగదికి కిటికీ లేని పెద్ద గోడ ఒకటుందని, నిండా పరుచుకునేలాంటి గుడ్డ ఒకటి చేసిపెట్టమని అడిగింది.

"అమ్మ కుర్చీ దానికి ఎదురుగానే వేస్తానత్తా" అంది. చేతిలో గుడ్డ మడిచి పెడుతూ, "అమ్మేమో కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంటానంటోంది" అంది.

దుప్పట్లావిడ సరేనంది. ఎందుకు సరేనందో ఎవరితోనూ అనలేదు. వాళ్లు వెళ్లిపోతే మెట్లమీద ఎదురుపడి తప్పుకునే భాగ్యం కూడా ఉండదు. తన చేతి గుడ్డ ఆ గోడమీద ఉండి, ఎదురుగా వదిన కూర్చుంటే, ఏదో ఒక రోజు దాని గురించి ఒక వంకైనా పెడుతుంది. వంక పెట్టాలంటే మాట్లాడాలి. ఆవిడ కుర్చీ తిప్పుకుంటే మాత్రం ఇక ఇంతే సంగతులు.

రెండు కొత్త తెల్లదుప్పట్లు అంచులు కలిపి కుట్టింది. కొత్తగుడ్డకు ఉండే గంజి పోయేదాకా ఉతికింది. రంగు పట్టడానికి సోడా కలిపిన నీళ్లలో నానబెట్టింది. అంతవరకూ ఒంటి చేతి పనే. చిన్నగుడ్డలైతే వంటింటి బల్లమీద మడిచి, రబ్బరు బ్యాండ్లు వేసి, బకెట్లో ముంచేది. ఇది ఏ బల్లకూ లొంగేది కాదు. తడిసి ఏనుగంత బరువైంది. దాన్ని బట్టలారేసే పెరట్లోకి చేర్చడానికే మొగుడూ పెళ్లాలిద్దరూ మెట్లమీద మూడు చోట్ల కూలబడ్డారు. ఆ పెరట్లోకి తెరుచుకునేది ఆడపడుచు వంటింటి కిటికీ.

గుడ్డను విసనకర్రలాగా కుచ్చెళ్లుగా మడిచి, జానెడుకొకచోట బిగించి కట్టి, నీలంలో ముంచాలి. కట్టు పడ్డచోటికి రంగు వెళ్లదు. విప్పితే నీలం మీద తెల్లటి చారలు వస్తాయి. అయితే ముందు మడత సమంగా రావాలి. మొగుడు తన కొసను బస్సు స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎడమ అంటే కుడి ఇచ్చాడు.

"ఎడమంటే నీ ఎడమా నా ఎడమా?" అన్నాడు.

"చేతులు కాదు, నన్ను చూడు. నేనెటు పోతే అటు రా."

"జన్మంతా రోడ్డు చూసి నడిపినవాణ్ణి. నీ మొహం చూసి నడపమంటే ఎట్లా?"

గుడ్డ మధ్యలో సంచిలాగా సాగి నేలను తాకింది. వంటింట్లో గిన్నె ఒకటి గట్టుమీద గట్టిగా దిగింది. ఆ వెనకే గొంతు వినబడింది.

"ఒరేయ్, తడిగుడ్డను అట్లా నేలకేసి ఈడుస్తారట్రా? మీ ఆవిడకు ఆ మాత్రం తెలీదా, అడుగు."

"అక్క అడుగుతోంది..." అంటూ ఆయన ఇటు తిరిగాడు.

"వినపడింది. కొస నీ చేతికి ఇచ్చినప్పుడే నేలపాలైందని చెప్పు."

"అక్కా..."

"నాకూ వినపడిందిలే."

కాసేపటికి ఆడపడుచు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మరదలి వైపు చూడలేదు. తమ్ముడి చేతిలోంచి కొస లాక్కుంది. "నువ్వు జరగరా పక్కకి. నీకన్నా దండెం నయం" అంది.

ఆ తర్వాత పెరట్లో మాట లేదు. ఇద్దరూ వెనక్కి జరిగారు. గుడ్డ బిగిసి, నేల వదిలి, బల్లపరుపుగా లేచింది. ఎడమ కొస కుడికి మారింది, ఒకరి వైపు ఒకరు నడిచారు, మళ్లీ వెనక్కి జరిగారు. చూస్తుండగానే కుచ్చెళ్లన్నీ దువ్వెన పళ్లలా సమంగా వచ్చాయి. అంత లావు మడతకు రబ్బరు బ్యాండ్లు చాలవు కనుక పాతగుడ్డ పేలికలు చించుకుని, అటునుంచి ఆవిడ, ఇటునుంచి ఈమె కట్టుకుంటూ వచ్చి నడుమ కలిశారు. నడిమి కట్టు ఎవరిదన్న ప్రశ్న వచ్చినట్టుంది, ఇద్దరి చేతులూ ఆగాయి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈమె కట్టింది.

గుడ్డను నీలపు తొట్టిలో ముంచి, పైన ఇటుక పెట్టారు. రంగు పీల్చుకున్నాక పైకి తీసి, పిండి, కట్లు విప్పకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి మర్నాటిదాకా ఉంచాలి. నీలం గుడ్డను పట్టుకునేది ఆ తీరికలోనే. ఈలోగా విప్పితే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ సంగతి ఆమె మొగుడికి వివరించింది, అంటే వదినకు వినపడేలా చెప్పింది. గడపమీద పక్కకు తిరిగి కూర్చున్న ఆడపడుచు విన్నట్టు తల ఊపలేదు గాని, లోపలికి మాత్రం పోలేదు.

వేళయ్యాక ఇద్దరూ చెరో కొస పట్టి పైకి ఎత్తారు. ఒకరికి ఎదురుగా ఒకరు మెలితిప్పి పిండారు. నీలపు నీళ్లు తొట్టిలోకి కారి, కారి, చుక్కలకు వచ్చాయి. అంతటితో ఆగాల్సింది. ఆగలేదు. చెరో కొస చేతిలో ఉంటే ఆ చేతులకు తెలిసిన తర్వాతి పని ఒక్కటే. ఇద్దరూ చెరో అడుగు వెనక్కి వేశారు. మెలిక వదిలేశారు. ఇద్దరూ ఒక్కసారే విదిలించారు.

ఆసుపత్రిలో మాసిన దుప్పట్ల మూటలకు జారుముడి వేస్తారు. విప్పేవాళ్లు ఆ మూటను ఎక్కువసేపు తడమకూడదు కనుక ఒక్క లాగుకు ఊడిపోయే ముడి కావాలి. వీళ్ల వేళ్లకు అలవాటైన ముడి అదొక్కటే. కట్టేటప్పుడు ఎవరి ముడి వాళ్లకు మామూలుగానే కనిపించింది. ఎదుటిమనిషి ముడి కూడా అదే కావడంతో తప్పు పట్టడానికి అక్కడ ఎవరూ లేకపోయారు. విదుపుకు నడిమి పేలిక మొదట జారింది. ఆ వెనక మిగతావన్నీ టపటపా రాలాయి. గుడ్డ పెరడంత వెడల్పున తెరుచుకుంది.

ఒక్క క్షణం అది ఎలా ఉండాలో అలాగే ఉంది. నీలం మీద తెల్లటి చారలు, గీసినట్టు. తర్వాత నీలం కదిలి తెలుపులోకి జారడం మొదలుపెట్టింది.

"బాగుందే. అయిపోయిందా?" అన్నాడు మొగుడు.

"చూస్తావేం, మడువు" అంది ఆడపడుచు. ఆ మాట తమ్ముడితో కాదు.

గబగబా మడిచారు. చేతి తొడుగుల జోలికి ఎవరూ పోలేదు. నీలం మోచేతులదాకా పాకింది.

"జారుముళ్లు వేశావు" అంది ఆడపడుచు, పేలిక బిగిస్తూ.

"నీ వైపువీ ఊడాయి వదినా."

ఆవిడ కాళ్ల దగ్గర పడ్డ తన పేలికల వైపు చూసింది. "ఇంకో ముడి మనకెవరు నేర్పారు కనక" అంది.

ఈమెకు కొంచెం ధైర్యం వచ్చింది. యంత్రం వచ్చినప్పుడు ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సిందని మొదలుపెట్టింది. ఆవిడ పూర్తి చేయనివ్వలేదు.

"అదెప్పుడో అయిపోయింది. పైన నువ్వు దుప్పటి విదిలిస్తే నా ఇంట్లోకి వినపడుతుంది. రెండో కొస తలుపుసందులో ఇరికించి విదిలిస్తావు. ఆ చప్పుడు వేరే, నాకు తెలీదా? నన్ను పిలవలేదు సరే. నా కొస తలుపుకిచ్చావు."

"పిలిస్తే వచ్చేదానివా?"

"రాను. అయినా పిలవాల్సింది."

మూటను ప్లాస్టిక్‌లో చుట్టడం అయ్యాక ఆడపడుచు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. విసురుగానూ కాదు, మెల్లగానూ కాదు. దాన్నిబట్టి ఏమీ తేలలేదు.

మర్నాడు దుప్పట్లావిడ గుడ్డను ఒక్కతే జాడించింది. వంటింటి కిటికీ మూసే ఉంది, లోపల సామాన్లు సర్దుతున్న చప్పుడు. నీళ్లు తేటపడేదాకా, ఆపైన ఇంకో రెండుసార్లూ జాడించింది. ఆ విషయంలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆరేసి చూసుకుంటే రెండు కొసల దగ్గర మాత్రమే చారలు తెల్లగా మిగిలాయి. నడుమ అంతా లేతనీలం, తడి ఆరని గోడలాగా. మళ్లీ చేస్తానని అమ్మాయితో అంది. మారేది ఎల్లుండే, ఇదే కావాలంది ఆ అమ్మాయి.

కొత్త ఇంట్లో మొగుడు స్టూలెక్కి మేకులు కొట్టాడు. గుడ్డ గోడనిండా దిగింది. ఆడపడుచు వంటసామాను పెట్టె ఎత్తుకుని వచ్చి, దించకుండానే నిలబడి చూసింది. కుర్చీ ఎటు తిప్పమంటావని కూతురు అడిగింది. ఆవిడ పెట్టె దించి, కుళాయి దగ్గర చేతిరుమాలు తడుపుకుని వచ్చి, గుడ్డ అంచును దాంతో గట్టిగా రుద్దింది. రంగు నిలిచిందో లేదో లాండ్రీలో అలాగే చూసేవాళ్లు.

దుప్పట్లావిడ పక్కనే ఉంది. రుమాలు చూసింది. రుద్దినచోట అది తెల్లగానే ఉంది.

ఆడపడుచు రుమాలును నాలుగు మడతలు వేసి గుప్పిట్లో పెట్టుకుంది. "రంగు ఇంకా దిగుతోంది" అంది. "వచ్చే వారం దించి ఉతకాలి. ఇంత గుడ్డ ఒక్కదాని వల్ల కాదు."

"ఇంకా దిగుతుందా? అన్ని నీళ్లు పోసి జాడించిందే" అన్నాడు మొగుడు స్టూలు మీదనుంచి.

"దిగుతుంది, నీలం కదా" అంది దుప్పట్లావిడ. "పొద్దున్నే వస్తాను వదినా."

"వాణ్ణి తీసుకురాకు" అంది ఆడపడుచు, కుర్చీని గోడకెదురుగా లాక్కుంటూ. "ఇక్కడ దండెం ఉంది."