మగ్గం గుంట మీద చేపల తొట్టి

దయ్యాలంటే భయం లేదనడం వేరు, నమ్మకం లేదనడం వేరు. నాకు రెండూ లేవు. హిందూపురంలో మేమున్న వీధి చివర చింతచెట్టు కింద ఏదో కనిపించిందని జ్వరం తెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ చెట్టు కిందే నేను మిట్టమధ్యాహ్నం చింతకాయలు ఏరుకుని తినేదాన్ని. కడుపునొప్పి తప్ప నాకు ఇంకేమీ రాలేదు.

ఇది చదివి, "అయితే నువ్వూ నమ్మినట్టే కదా" అనేవాళ్ళుంటారు. వాళ్ళకు ముందే చెబుతున్నాను, నమ్మలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను, ఒక ముక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మా నాయన హిందూపురంలో బెల్లం మండీలో గుమాస్తా. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి చేపలు. బెంగళూరులో ఒక తెల్లదొర సామాను అమ్మేసి సీమకు వెళ్ళిపోతుంటే, ఈయన పోయి ఒక గాజు తొట్టి కొనుక్కొచ్చాడు. ఇనుప చట్రం, నాలుగు వైపులా దళసరి గాజు, అడుగున నల్లటి పలకరాయి, సందుల్లో పుట్టీ. దానికి తగిన టేకు స్టాండు. మండీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని దాని ముందు కూర్చునేవాడు. పక్కన నేను. మా ఇద్దరికీ అంతకంటే ముచ్చట్లు అక్కర్లేదు.

నా పెళ్ళైన మరుసటి ఏడే నాయన పోయాడు. అమ్మ అంతకుముందే లేదు. కొడుకులు లేని ఇల్లు కదా, దాయాదులు వచ్చి మంచాలు, గంగాళాలు, ఆఖరికి రోలుతో సహా పంచుకున్నారు. పోనీలే అనుకుని చూస్తూ ఉన్నాను. తొట్టి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం లేచి దానికి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నీ తీసుకోండప్పా. దీని మీద చెయ్యి పడితే మర్యాద దక్కదు" అన్నాను. ఎవరి చెయ్యీ పడలేదు.

తొట్టిని వరిగడ్డిలో చుట్టి రైల్లో ధర్మవరం తెచ్చాం. చేపలు ఇత్తడి బిందెలో నా ఒళ్ళో ఉన్నాయి. పెనుకొండలో బండి ఆగితే మా ఆయన పరిగెత్తి కొత్త నీళ్ళు పట్టుకొచ్చాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన బిందెలోకి తొంగిచూసి, "పులుసుకేనా తల్లీ?" అని అడిగాడు. ధర్మవరం వచ్చేదాకా నేను ఆయన ముఖం చూడలేదు.

మా ఆయన రైల్వేలో ఫిట్టరు. పుట్టింది మాత్రం నేత ఇంట్లో. మా మామ పట్టుచీరలు నేసేవాడు. నా పెళ్ళికి ముందే, చీర సగంలో ఉండగా, మగ్గం మీదే తల వాల్చేశాడు. ఆయన్ని నేను కళ్ళారా చూసింది లేదు.

వాళ్ళది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసేవాడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, కింద కర్రలు తొక్కుతూ పైన నేస్తాడు. కొంత నేయగానే ఆగి, నేసింది ముందున్న గుండ్రటి కర్రకు చుట్టుకుని మళ్ళీ మొదలుపెడతాడు. ఒకరు సగం నేసిన చీరను ఇంకొకరి చేతికివ్వరు. తొక్కే కాలు, పోగును బిగించి కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో రకం, చెయ్యి మారిన చోట చీర మీద గీత పడుతుంది. అందుకని మామ నేసినంత మేరకు కోసి, చుట్టి, అత్త పెట్టెలో పెట్టారు. మా ఆయనకు నేత రాదు. మగ్గం విప్పి అటకెక్కించాడు, గుంట పూడ్చి పైన కడప బండలు పరిపించాడు.

వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. గుంట పూడ్చేముందు కొబ్బరికాయ కొట్టి, ఇంత నూలు లోపల వేసి, ఈ మగ్గం మీద పని ముగిసిందని పైకి చెప్పాలి. చీర సగంలో ఉంటే ముగిసిందని ఎట్లా చెబుతారు? మా ఆయన ఏమీ చెప్పకుండానే పూడ్చేశాడు. అత్త ఆ మాట పట్టుకుని ఆయన్ని అన్నం తినే ప్రతిసారీ పొడుస్తూ ఉండేది.

ఇంట్లో వెలుతురు వచ్చి ఎండ రాని చోటు అదొక్కటే. తొట్టి అక్కడే పెట్టించాను.

అత్తకు ఒళ్ళు మండింది. "ఆయన కూసునే తావులో నీసు పెడతావా? యాడన్నా పెట్టుకో, ఈడ మాత్రం వద్దు" అంది.

"ఇంగ యాడా తావు లేదత్తా. ఈడే ఉంటాది" అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె నాకు గోడతో చెప్పినట్టు చెప్పేది, నేను గిన్నెలతో చెప్పినట్టు జవాబిచ్చేదాన్ని.

మొదట స్టాండు కాలు చీలింది. గోడ వైపు కాలు, పైనుంచి కిందికి నిలువునా. పాత టేకు అట్లా చీలదు. మా ఆయన షెడ్డు నుంచి ఇనుప పట్టీలు తెచ్చి బిగించాడు. తర్వాత ఆ కాలి కింది బండ వాలింది. పూడ్చిన మన్ను దిగిందన్నాడు. బండ లేపి, కంకర దిమ్మిస కొట్టి, రసమట్టం పెట్టి సరిచేశాడు. మళ్ళీ దిగింది. ఈసారి అడ్డకర్ర ఊడింది, దాంతో తొట్టి ఒక పక్కకు లాగి మూలన పుట్టీ వదిలి నీళ్ళు కారసాగాయి. చేపల్ని గంగాళంలోకి మార్చి, తొట్టి ఎండబెట్టి, సుద్దపొడిలో అవిసె నూనె పోసి పిసికి, సందులన్నీ నేనే నింపాను. చేతులు పగిలాయి కానీ కారడం ఆగింది.

వీధిలో ఆడవాళ్ళు పలకరింపుకొచ్చినట్టు వచ్చి చూసిపోయేవాళ్ళు. వాళ్ళలో ఒకామె గడప దగ్గరే నిలబడి, "మీ మామ తన్నుతాండాడమ్మే" అంది.

"తన్నితే తన్ననీ. కట్టు కట్టేదానికి నేనుండా" అన్నాను. ఆమె మళ్ళీ రాలేదు.

నీళ్ళు కదలడం ముందు చూసింది నేనే. మధ్యాహ్నం భోజనాలై ఇల్లు సద్దుమణిగాక, తొట్టిలో నీటి పైన సన్నటి వలయాలు లేచేవి. ఒకదాని వెనక ఒకటి, ఒక వరసలో. చేపలన్నీ గోడ వైపు మొహం పెట్టి కదలకుండా ఉండేవి.

రైలు అనుకున్నాను. జంక్షన్ పక్కన కాపురం, గూడ్సు బండి పోతే మా అలమారలో గిన్నెలు కూడా మాట్లాడతాయి. కానీ ఈ వలయాలు లేచినప్పుడు గిన్నె కదలదు. పక్కింటి మగ్గమేమో అనుకున్నాను. అవి యుద్ధం రోజులు, పట్టు నూలు రావడం లేదు. అయినా అనుమానం ఉంచుకోవడం దేనికని, నీళ్ళు అట్లా కదులుతుండగానే లేచి ఎండలో వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి వచ్చాను. అన్ని మగ్గాల మీదా గుడ్డలు కప్పి ఉన్నాయి. ఏం పోగొట్టుకున్నావని ఒకరిద్దరు అడిగారు. తిరిగొచ్చేసరికి వలయాలు అట్లాగే లేస్తున్నాయి.

మా ఆయన సెలవు రోజున చూపించాను. ఆయన స్టాండు కిందికి దూరి చూశాడు, గోడకు చెవి పెట్టాడు. చివరికి ఇనుప చట్రం మీద వేలు ఆనించి కూర్చున్నాడు. కొంతసేపటికి ఆయన ముఖం మారిపోయింది. వేలు తీసేసి, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేనూ వేలు పెట్టి చూశాను. రెండు దెబ్బలు వెంటవెంటనే, మూడోది కొంచెం తడవు చేసి. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. మామకు కుడి మోకాలు సరిగా వంగేది కాదని, ఆయన నేత చప్పుడు వీధిలో ఎవరైనా గుర్తుపట్టేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఇది మాత్రం నేను ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను.

అత్త వంటింటి గడప నుంచి ఇదంతా చూస్తూ ఉంది. లేచి వచ్చింది. ఎన్నడూ తొట్టి దరిదాపులకు రాని మనిషి దాని ముందు కూలబడింది. వలయాలు కాసేపు ఆగాయి.

"నేసింది చుట్టుకుంటాండాడు" అంది, నాతో కాదు.

మళ్ళీ మొదలయ్యాయి.

ఇక ఆ రోజు నుంచి భోజనం కాగానే ఆమె పని అదే. చేపలకు మరమరాలు కూడా ఆమే వేసేది. నాతో గోడను అడ్డం పెట్టకుండా మాట్లాడడం మొదలుపెట్టింది. నేను సంతోషపడాల్సిన మాటే కదా. ఇంతలో ముందు గాజులో కింది నుంచి పైకి వెంట్రుకంత పగులు కనిపించింది. వారం తిరిగేసరికి అది జానెడైంది.

అప్పుడు నాకు భయం వేసింది. దయ్యం భయం కాదు. పుట్టింటి నుంచి నాకంటూ మిగిలింది అదొక్కటే. తొట్టిని నడవలోకి మార్చేద్దామని మా ఆయనతో చెప్పి, సగం నీళ్ళు తోడేశాం. చెరో పక్కా పట్టుకున్నాం. అత్త వచ్చి స్టాండుకు వీపు ఆనించి కూర్చుంది.

"లెయ్ అత్తా, జరపల్ల" అన్నాను.

"జరిపితే నాకు యాడ కనపడతాడే?"

"మా నాయన తొట్టి పగిలిపోతాంటే చూస్తా ఊరకుండల్లా నేను?"

"మీ నాయన పోయినాడు. నీకు ముగిసిపాయ. నాకు సగంలో ఉండాది" అంది.

నాకు కోపం నషాళానికి అంటింది. నాకు ముగిసిందని ఈమెకు ఎవరు చెప్పారు? నోటిదాకా వచ్చింది. అయితే ఆమె కూర్చున్న తీరు చూశాను. దాయాదుల ముందు నేను నిలబడింది కూడా అట్లాగే. మా ఆయన్ని చేతులు తీసేయమన్నాను, తోడిన నీళ్ళు మళ్ళీ పోశాను. జాలిపడి కాదు. పట్టు విడవని మనుషులంటే నాకు గౌరవం, అంతే.

ఆ తర్వాత తొట్టి నిలబడింది నా మొండితనం మీదే. పగులు పొడవునా లోపలా బయటా పుట్టీ మెత్తాను. చట్రానికి అడ్డంగా ఇనుప పట్టీ వేయించాను. చీలిన కాలి పక్కన ఇటుకలు పేర్చి ఐదో కాలు కట్టాను. కొత్తగా ఏది విరిగితే అది బాగుచేశాను. మామ నేయనీ, నేను అతుకుతాను, ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వలయాలు ఆగకుండా, ఎన్నడూ లేనంత వేగంగా లేచాయి. అత్త ముందుకు వంగింది. "చీర కొసకొచ్చినాడు" అంది. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి నీళ్ళు అద్దంలా నిలిచిపోయాయి. ఆ వెంటనే గాజు పగిలింది.

పాత పగులు నిలువుగా ఉంది. గాజు పగిలింది దానికి పైన, అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు, గీత గీసినట్టు. నా పుట్టీ పెట్టిన చోట చెక్కుచెదరలేదు. ఆ అడ్డగీతకు పైనున్న గాజు ముక్కంతా ముందుకు పడి నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి. బండల మీద కొట్టుకుంటున్న చేపల్ని బిందెలో వేస్తూ తల ఎత్తి చూశాను. అత్త తడిసిన చీరతో అట్లాగే కూర్చుని ఉంది.

"కోసినాడు. చీర అయిపాయ" అంది.

నేను ఊరుకునేదాన్ని కాదు కదా. సాయంత్రం ఆమె పెట్టె తెరిపించి, మామ చీర తీసి పరిచాను. ఎప్పుడూ ఉన్నంతే ఉంది, ఒక్క పోగు పెరగలేదు. చూడమన్నాను. ఆమె చూడలేదు. "అది ఈడున్నప్పుడు నేసింది" అని మడిచి పెట్టేసింది. మర్నాడు మా ఆయన చేత బండ లేపించి, ఇంత నూలు లోపల వేయించింది. కొబ్బరికాయ కొట్టించి, పని ముగిసిందని పైకి చెప్పించింది. ఆ పూట ఆమె రెండోసారి అన్నం వడ్డించుకుని తింది. మళ్ళీ ఎన్నడూ అక్కడ కూర్చోలేదు.

గాజు ఒత్తిడికి ఎట్లాగైనా పగలొచ్చని మా ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు.

నేను బెంగళూరు నుంచి కొత్త గాజు తెప్పించి, తొట్టిని మళ్ళీ అదే చోట పెట్టాను. అదే స్టాండు, అదే చీలిన కాలు. కావాలనే. ఇటుకలు కూడా తీసేశాను. ఆ బండ మళ్ళీ దిగలేదు. కాలు ఇంకో వెంట్రుకంత కూడా చీలలేదు. గూడ్సు బండ్లు ఎప్పట్లాగే పోయాయి, యుద్ధం అయ్యాక వీధిలో మగ్గాలు మళ్ళీ ఆడాయి. తొట్టిలో నీళ్ళలో ఒక్క వలయం లేవలేదు.

అత్త ఉన్నన్నాళ్ళూ, ఆమె పోయాక కూడా, ఇల్లు సద్దుమణిగే వేళ నేను చట్రం మీద వేలు ఆనించి కూర్చునేదాన్ని. మామ కోసం కాదు. తొట్టి మా నాయనది, చేపలు మా నాయనవి, ఎదురుగా కూర్చున్నది ఆయన కూతురు. అన్నేళ్ళలో నా వేలికి చల్లటి ఇనుము తప్ప ఏమీ తగల్లేదు.

ఆ దెబ్బలు ఏమిటని ఇప్పటికీ అడుగుతారు. నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. దయ్యాలు లేవని మాత్రం గట్టిగా చెబుతాను. ఉండి ఉంటే మా నాయన వచ్చేవాడు.