గడ్డికి సరిపోయినన్ని బర్రెలు

పోయిన గురువారం పొద్దున పాలు పితికే వేళకు మా పెద్దమ్మ లేవలేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. హఫీజ్‌పేటలో మా గల్లీవాళ్లకంటే ముందు, ఆమె పాల కోసం ఎదురుచూస్తున్న అపార్ట్‌మెంట్ల వాళ్లే ఫోన్ చేసి విషయం తెలుసుకున్నారు.

మా ఇంటి వెనక గుట్టవాలులో ఒక ఖాళీ జాగా ఉంది. దాని యజమాని మేపుకోమన్నాడు. పెద్దమ్మ, మా నాన్న తమ బర్రెలను అక్కడే మేపేవారు. తుమ్మకంప అడ్డం వేసి ఆమె ఆ జాగాను ముక్కలు చేసింది. ఒక ముక్కలో మేత, మిగతావాటికి విశ్రాంతి. గడ్డిని మొదలంటా మేయనిచ్చేది కాదు. నేను జుట్టు కత్తిరించుకుని వస్తే, "గిట్ల గొరిగితే మళ్ల మొలుస్తదారా?" అని నవ్వేది.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఎండలు ముదిరాయి. మేత అన్ని బర్రెలకూ చాలలేదు. నడుమ ఒక వాన పడితే, వదిలేసిన ముక్కలో లేత పిలకలు లేచాయి. నాన్న కంప తీయబోయాడు.

"గడ్డి కండ్ల ముందటుంటే బర్రెలను ఉపాసముంచుతవా వదినా?"

"ఇంకా వేరు పట్టలే. ఇప్పుడు తొక్కిస్తే గడ్డి పోతది, దానెనక మన్ను గూడ పోతది."

"మరి బర్రెలేం తినాలె?"

"గడ్డికి సరిపోయినన్నే ఉంచుదాం."

మర్నాడు ఆమె తన పాడి బర్రెలనే బండి ఎక్కించి, మెదక్ దిక్కున్న చెల్లెలి ఇంటికి పంపింది. నాన్న బర్రెల జోలికి ఆమె పోలేదు. సాయంత్రం దాకా తన ఖాళీ కొట్టంలో కూర్చుంది. నాన్న పంతం కొద్దీ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

వానాకాలం మొదట్లోనే పెద్ద వాన కొట్టింది. అందరూ ఇష్టమొచ్చినట్టు మేపిన పై వాలు నుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి గల్లీలో బండ్లు కూరుకుపోయాయి. మా వైపు గడ్డిలోంచి మాత్రం నీళ్లు తేటగా దిగాయి. నాన్న తడుస్తూ చాలాసేపు చూసి, పెద్దమ్మ గడప ముందుకు వచ్చాడు.

"వదినా, నీ బర్రెలను తోలుకొస్త. ఎప్పుడు పోదాం?"

"వాన తగ్గనీయ్. ముందుగాల చాయ్ తాగు."

ఆ వానాకాలంలోనే పై వాలువాళ్లు ఆమెను పిలుచుకెళ్లి, తమ జాగాలోనూ కంప ఎక్కడ వేయాలో అడిగారు. ఆమె అందరితో కలిసి వేసింది.

దహనం రోజు మా బర్రెలను వాళ్లే మేపారు. శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. అందరి మందలూ కలిసి గుట్ట దిగుతున్నాయి. గడ్డిలో కాళ్లు కనబడటం లేదు. నల్లటి వీపులు, వాటి మీద తెల్ల కొంగలు, వెనక అద్దాల భవనాల మీద పొద్దుగుంకే వెలుగు.